నొప్పి తెలియకుండా షాక్‌వేవ్: మత్తు ఎక్కడ వద్దు, ఎక్కడ తప్పదు

సంపాదకులకు నమస్కారం.

మడమ నొప్పికి, టెన్నిస్ ఎల్బో అనే మోచేతి నొప్పికి, భుజంలో సున్నం పేరుకున్నందుకు షాక్‌వేవ్ చికిత్స (చర్మం పైనుంచి తరంగాల దెబ్బలు ఇచ్చే పద్ధతి) చేస్తామనే బోర్డులు ఇప్పుడు చిన్న పట్టణాల్లోనూ కనిపిస్తున్నాయి. చాలా బోర్డుల మీద ‘ఆపరేషన్ లేదు’ అనే మాట కింద ‘నొప్పి తెలియదు’ అని కూడా రాసి ఉంటుంది. మొదటి మాట నిజమే. రెండో మాట గురించే ఈ ఉత్తరం. ఈ చికిత్సలో నొప్పి తెలియకుండా చేయడం కొన్ని జబ్బుల్లో చికిత్సనే చెడగొడుతుంది. ఇంకొన్నిటిలో మత్తు లేకుండా మొదలుపెట్టడమే తప్పు. ఈ తేడా చెప్పకుండా అందరికీ ఒకే ఇంజెక్షన్ ఇస్తే రోగికి రెండు వైపులా నష్టమే.

మొదట యంత్రాల సంగతి. షాక్‌వేవ్ పేరుతో రెండు రకాల యంత్రాలు వాడుకలో ఉన్నాయి. రేడియల్ అనే దానిలో గాలి ఒత్తిడితో ఒక చిన్న లోహపు గుండు గొట్టంలో దూసుకొచ్చి, చివరనున్న మూతను కొడుతుంది. ఆ దెబ్బ చర్మం దగ్గర బలంగా ఉండి, లోపలికి పోయేకొద్దీ తగ్గుతుంది. దీని బలాన్ని బార్లలో చెబుతారు, మామూలుగా ఒకటిన్నర నుంచి నాలుగు బార్లు. కచ్చితంగా మాట్లాడితే ఇది షాక్‌వేవ్ కాదు, ఒత్తిడి తరంగం. ఫోకస్డ్ యంత్రం అసలైన షాక్‌వేవ్‌ను పుట్టించి, చర్మం కింద ఎంచుకున్న లోతులో కేంద్రీకరిస్తుంది. దాని బలాన్ని చదరపు మిల్లీమీటరుకు ఎన్ని మిల్లీజౌళ్లు అని కొలుస్తారు. సుమారు 0.1 లోపు తక్కువ శక్తి, 0.28 దాటితే ఎక్కువ శక్తి, మధ్యది మధ్యమం. ఫిజియోథెరపీ క్లినిక్కుల్లో ఎక్కువగా కనిపించేది రేడియల్. ఎముకకు పనికొచ్చే ఎక్కువ శక్తిని ఫోకస్డ్ యంత్రమే ఇవ్వగలదు. మత్తు కావాలా వద్దా అనే ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది.

మత్తు ఇచ్చే అలవాటు కిడ్నీ రాళ్ల నుంచి వచ్చింది. 1980 ఫిబ్రవరిలో మ్యూనిక్‌లో డోర్నియర్ యంత్రంతో తొలిసారి మనిషి కిడ్నీలో రాయిని బయటినుంచే పగలగొట్టారు. ఆ తొలితరం యంత్రాల్లో రోగిని నీళ్ల తొట్టిలో కూర్చోబెట్టి పూర్తి మత్తు గానీ వెన్నులో సూదితో ఇచ్చే ఎపిడ్యూరల్ గానీ ఇచ్చేవారు. అప్పట్లోనే మత్తు వైద్యులు నేర్చుకున్న పాఠం ఒకటుంది. ఎపిడ్యూరల్ సూది చోటు చేరిందో లేదో చూసుకోవడానికి సిరంజిలో గాలి వాడకూడదు, సెలైన్ వాడాలి. లోపల చిక్కిన గాలి దగ్గర షాక్‌వేవ్ తన శక్తినంతా వదిలి, పక్కనున్న నరాన్ని దెబ్బతీయగలదు. గాలి గురించిన ఈ జాగ్రత్త మడమ దగ్గరా వర్తిస్తుంది. దాని సంగతి కింద రాస్తాం.

ఎముకలు, కండరాల వైద్యంలో తొలి పెద్ద అనుమతి కూడా మత్తుతోనే వచ్చింది. అమెరికాలో మందులకు, వైద్య యంత్రాలకు అనుమతినిచ్చే ఎఫ్‌డీఏ 2000 అక్టోబరులో పాత మడమ నొప్పికి ఓసాట్రాన్ యంత్రాన్ని అనుమతించింది. దాని పరీక్షలో మడమకు తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి, ఎక్కువ శక్తితో ఒకే విడతలో 1500 దెబ్బలు ఇచ్చారు. ఫలితం వచ్చింది. దాన్ని చూసి, తక్కువ శక్తితో చేసేవాళ్లు కూడా ‘ముందు తిమ్మిరి, తర్వాత షాక్’ అనే పద్ధతిని యథాతథంగా తీసుకున్నారు. ఇబ్బంది అక్కడే మొదలైంది.

2003లో జర్మనీ నుంచి వచ్చిన పరీక్షలో 272 మంది మడమ నొప్పి రోగులకు, స్థానిక మత్తు ఇచ్చి 0.08 మిల్లీజౌళ్ల శక్తితో మూడు విడతలు, విడతకు 4000 దెబ్బలు చొప్పున ఇచ్చారు. 12 వారాలకు బాగైనవారు నిజమైన చికిత్స వైపు 34 శాతం, ఉత్తుత్తి చికిత్స వైపు 30 శాతం. తేడా లేనట్టే. 2005లో అదే దేశంలో నేరుగా మత్తునే పరీక్షకు పెట్టారు. 86 మందిలో అందరికీ 0.09 మిల్లీజౌళ్లు, వారానికోసారి మూడు వారాలు, ఒక్కోసారి 2000 దెబ్బలు. తేడా ఒకటే: ఒక గుంపుకు తిమ్మిరి ఇంజెక్షన్ ఉంది, రెండో గుంపుకు లేదు. మూడు నెలలకు నొప్పి సగమైనా తగ్గినవారు మత్తు లేని గుంపులో 67 శాతం, మత్తు ఇచ్చిన గుంపులో 29 శాతం. న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. 2002లో ఆస్ట్రేలియాలో మత్తు లేకుండా చేసిన ఒక పరీక్షలోనూ ప్రయోజనం కనబడలేదు. అంటే మత్తు తీసేసినంత మాత్రాన అందరికీ నయమైపోదు. కానీ తక్కువ శక్తి చికిత్సకు ముందు తిమ్మిరి ఇస్తే ఉన్న అవకాశం కూడా తగ్గుతుందనడానికి ఆధారం గట్టిగానే ఉంది. బ్రిటన్‌లోని నైస్ సంస్థ మడమ నొప్పి మీద 2009లో ఇచ్చిన మార్గదర్శకంలో, స్థానిక మత్తు ఫలితాన్ని ప్రభావితం చేయవచ్చని రాసింది.

ఎందుకిలా? రెండు కారణాలు. ఒకటి నరాల లోపలిది. నొప్పిని మోసే సన్నని సి నరపు పోగులు షాక్‌వేవ్‌కు ఉద్రేకపడి, తమ చివరల నుంచి సబ్‌స్టెన్స్ పి, సీజీఆర్‌పీ వంటి పదార్థాలను వదులుతాయి. రక్తనాళాలు విచ్చుకుంటాయి, తర్వాత ఆ పోగుల చురుకు తగ్గుతుంది. చికిత్స పనిచేసే దారుల్లో ఇదొకటని భావిస్తున్నారు. తిమ్మిరి మందు లిగ్నోకైన్ ఆ పోగుల నోరే నొక్కేస్తుంది. రెండో కారణం ఇంకా సూటిగా ఉంటుంది. తలగడ ఎక్కడుందో చీకట్లో తడుముకున్నట్టు వైద్యుడు హ్యాండ్‌పీస్‌ను మిల్లీమీటర్ల లెక్కన కదుపుతుంటే, ‘అదే చోటు’ అని చెప్పేది రోగే. మడమ అడుగున లోపలి వైపు, అరికాలి పొర ఎముకకు అతుక్కునే చోట రోజూ వచ్చే నొప్పి ఈ దెబ్బతో మళ్లీ పలకాలి. తిమ్మిరి ఎక్కిన మడమ ఏమీ పలకదు. దెబ్బలు ఎముక పక్కన మెత్తటి కొవ్వులో పడుతున్నా ఎవరికీ తెలియదు.

హెచ్చరిక కూడా పోతుంది. మోచేతి లోపలి వైపు, గోల్ఫర్స్ ఎల్బోకి చికిత్స చేసేటప్పుడు అల్నార్ నరం పక్కనే ఉంటుంది. ఫోకస్ జారితే చిటికెన వేలికి కరెంటు కొట్టినట్టు జుమ్మని పాకుతుంది. ఆ క్షణమే ఆపి, కోణం మార్చాలి. చేతికి బ్లాక్ (నరం దగ్గర ఇచ్చే తిమ్మిరి ఇంజెక్షన్) ఇచ్చి ఉంటే ఆ జుమ్ము రాదు, నరానికి దెబ్బలు పడుతూనే ఉంటాయి.

ఇక గాలి సంగతి. మడమ అడుగున కొవ్వు చిన్న చిన్న గదులుగా, గట్టి గోడలతో ఉంటుంది. అక్కడ ఐదు మిల్లీలీటర్ల మందు ఎక్కించడం షాక్‌వేవ్ కంటే ఎక్కువ నొప్పి. మందు చేరాక ఆ చోటు ఉబ్బి, లెక్క వేసుకున్న లోతు మారుతుంది. సిరంజిలోంచి ఒక్క బుడగ పోయినా అక్కడ తరంగం వెనక్కి తిరుగుతుంది, చుట్టూ రక్తం గూడుకడుతుంది. కాబట్టి మత్తు ఇవ్వాల్సి వచ్చినా దెబ్బ పడే చోట సూది గుచ్చకూడదు, దూరంగా నరం దగ్గర ఇవ్వాలి. చర్మం పైన జెల్‌లోనూ ఇదే జాగ్రత్త. సీసాను ఊపి చిమ్మితే బుడగలు వస్తాయి, నెమ్మదిగా పిండి పరవాలి.

పూతమందు రాస్తే సరిపోదా అని అడుగుతారు. లిగ్నోకైన్, ప్రిలోకైన్ చెరి రెండున్నర శాతం ఉన్న క్రీమును మందంగా రాసి ప్లాస్టిక్ పొరతో మూసి గంటసేపు ఉంచితే, మామూలు చర్మంలో మూడు మిల్లీమీటర్ల వరకు తిమ్మిరి దిగుతుంది. అరికాలి చర్మం అంతకంటే చాలా మందం. అసలు నొప్పి ఎముక పైపొర దగ్గర, ఇంకా లోతున పుడుతుంది. అంటే అక్కడి బాధ తగ్గదు. మోచేయి వంటి పలుచని చర్మం మీదైతే పైపై మంట మాత్రం తగ్గి, గురి మందగిస్తుంది. తక్కువ శక్తి షాక్‌వేవ్‌కు ముందు ఈ క్రీము రాస్తే నొప్పి పోగుల మీద చికిత్స చూపే ప్రభావం అణగిపోతుందని 2011లో ఒక ప్రయోగం చూపింది కూడా. మంచు పెట్టడం, చల్లటి స్ప్రే కొట్టడం కూడా ఈ కోవలోవే.

మత్తు లేకుండా ఎలా ఓర్చుకోవాలంటే, నిజానికి ఓర్చుకోవాల్సింది చాలా తక్కువ. రేడియల్ యంత్రంతో సెకనుకు 8 చొప్పున 2000 దెబ్బలంటే నాలుగు నిమిషాల పది సెకన్లు. చేసేవారికి ఓపిక ఉండాలి, అంతే. ఒకటిన్నర బార్ దగ్గర మొదలుపెట్టి తొలి రెండు మూడు వందల దెబ్బలు అక్కడే ఇవ్వాలి. రోగిని పదికి ఎంత నొప్పి అని అడుగుతూ ఉండాలి. ఐదారు దగ్గర నిలిపితే చాలు. ఏడు దాటితే ఒత్తిడి తగ్గించాలి లేదా కొద్దిగా పక్కకు జరగాలి. ఐదారు వందల దెబ్బలయ్యేసరికి చాలామందిలో నొప్పి మొద్దుబారుతుంది, అప్పుడు మెల్లగా పెంచుకుంటూ రెండున్నర, మూడు బార్లకు వెళ్లవచ్చు. మొదటి దెబ్బే మూడు బార్లతో కొట్టి, రోగి కాలు లాక్కుంటే ‘ఇంజెక్షన్ ఇద్దాం’ అనడం చేసేవారి తొందర తప్ప రోగి బలహీనత కాదు. హ్యాండ్‌పీస్‌ను ఎముకకేసి గట్టిగా అదమడం, పని త్వరగా అయిపోవాలని వేగాన్ని 15కు పెంచడం కూడా నొప్పికి కారణాలే. మరీ భయపడేవారికి గంట ముందు ఒక గ్రాము పారాసెటమాల్ చాలు, లివర్ జబ్బు లేకపోతే. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి మాత్రం ముందూ తర్వాతా మానమని చాలామంది వైద్యులు చెబుతారు. ఈ చికిత్స రేపే కొద్దిపాటి వాపే మరమ్మతుకు నాంది, దాన్ని మాత్రతో అణచడం ఎందుకని.

మన దగ్గర తరచూ మరిచిపోయే రోగి ఒకరున్నారు: ఏళ్ల తరబడి షుగరు ఉండి పాదాల స్పర్శ తగ్గినవారు. వీరికి ఎవరూ మత్తు ఇవ్వనక్కర్లేదు, జబ్బే ఇచ్చేసింది. ‘ఈయనకు నొప్పే లేదు, బాగా తట్టుకుంటున్నారు’ అని ఒత్తిడి పెంచుకుంటూ పోతే కమిలిన చర్మం పుండుగా మారవచ్చు. మడమ మీద యంత్రం పెట్టే ముందు పది గ్రాముల మోనోఫిలమెంట్ అనే నైలాన్ పోగుతో స్పర్శ చూడాలి. అది తెలియని రోగిలో రోగి చెప్పే నొప్పిని బట్టి కాక, ముందే నిర్ణయించిన తక్కువ హద్దును బట్టి నడవాలి. పాదంలో నాడి అందకపోతే చికిత్సే వాయిదా వేయాలి.

ఇప్పుడు రెండో వైపు. విరిగి నెలలు గడిచినా అతకని ఎముక, తుంటి దగ్గర తొడ ఎముక తలకు రక్తం అందక వచ్చే ఏవీఎన్, ఇలాంటి చోట్ల శక్తి వేరు. 2005లో తైవాన్ వైద్యులు ఏవీఎన్‌కు ఒకే విడతలో యంత్రాన్ని 28 కిలోవోల్టుల దగ్గర పెట్టి 6000 దెబ్బలు ఇచ్చిన పద్ధతిని ప్రచురించారు. సెకనుకు నాలుగు చొప్పున ఇచ్చినా 25 నిమిషాలు, మధ్యలో సి-ఆర్మ్ అనే ఎక్స్‌రే యంత్రంతో గురి సరిచూసుకునే సమయం అదనం. ఆ శక్తిని ఎముక మీద మెలకువగా భరించమనడం క్రూరత్వం. రోగి వేలెడు కదిలినా ఫోకస్ తొడ ధమని వైపు పోవచ్చు. ఇక్కడ గురి చూపేది ఎక్స్‌రే, రోగి చెప్పే నొప్పి కాదు. అందుకే మత్తు వల్ల పోయేదేమీ లేదు. తుంటికి పూర్తి మత్తు గానీ వెన్నులో ఇచ్చే స్పైనల్ గానీ, కాలి ఎముకకు స్పైనల్ గానీ నరాల బ్లాక్ గానీ సరిపోతుంది. అతకని ఎముకలో మరో చిక్కుంది. మత్తుతో కండరాల బిగువు సడలితే విరిగిన ముక్కలు జరుగుతాయి. బల్ల మీదకు మార్చేటప్పుడు ఇద్దరు పట్టుకోవాలి, అయిపోగానే కట్టు మళ్లీ వేయాలి.

దీన్ని ఆపరేషన్ థియేటర్‌లో చేయాలి, క్లినిక్ గదిలో కాదు. ఘనాహారం ఆపి ఆరు గంటలు, మంచినీళ్లు ఆపి రెండు గంటలు గడవాలి. పాలు, మజ్జిగ, పాలు కలిపిన టీ నీళ్ల లెక్కలోకి రావు, వాటికీ ఆరు గంటలే. గుండెకు స్టెంటు వేయించుకుని, రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ వాడుతున్నవారికి స్పైనల్ ఇవ్వాలంటే దాన్ని ఐదు నుంచి ఏడు రోజుల ముందు ఆపాలి. అది గుండె డాక్టరు చెప్పాల్సిన మాట, రోగి సొంతంగా ఆపకూడదు. రక్తం గడ్డకట్టని జబ్బుంటే ఎక్కువ శక్తి షాక్‌వేవే వద్దు. గర్భిణికి కడుపు దగ్గర, ఊపిరితిత్తులున్న వైపు, కణితి ఉన్న చోట, ఎదిగే పిల్లల ఎముక చివరల దగ్గర ఇవ్వకూడదు. నీటిలో నిప్పురవ్వ పుట్టించే ఎలక్ట్రోహైడ్రాలిక్ యంత్రాల చప్పుడు ఎక్కువ. మత్తులో ఉన్న రోగి చెవులకూ దూది గానీ ప్లగ్గు గానీ పెట్టాలి, ఆయన చెప్పలేడు కదా.

మడమకే ఎక్కువ శక్తితో ఒకే విడత చేయాలని నిర్ణయిస్తే టిబియల్, సూరల్ అనే రెండు నరాలకు బ్లాక్ చాలు, చీలమండ చుట్టూ అయిదింటికీ అక్కర్లేదు. చీలమండ లోపలి ఎముకకూ వెనకనున్న అకిలిస్ టెండన్‌కూ (పిక్క కండరాన్ని మడమకు కలిపే తాడు) మధ్య, నాడి కొట్టుకునే ధమని వెనకే టిబియల్ నరం ఉంటుంది. మడమకు వెళ్లే కొమ్మ ఒక్కోసారి అంతకు పైనే విడిపోతుంది. అందుకే అల్ట్రాసౌండ్‌తో కొంచెం ఎత్తున ఇస్తే మడమ బాగా మొద్దుబారుతుంది. ఒక శాతం లిగ్నోకైన్ ఐదు నుంచి ఎనిమిది మిల్లీలీటర్లు ఇక్కడ, బయటి వైపు సూరల్‌కు చర్మం కింద ఐదు. ప్రతిసారీ సిరంజి వెనక్కి లాగి రక్తం రావడం లేదని చూడాలి. కాలిలోకి కరెంటు పాకినట్టుంటే సూదిని కాస్త వెనక్కి తీయాలి. టిబియల్ లావుపాటి నరం, పది పదిహేను నిమిషాలు ఆగాలి. బ్లాక్ పనిచేయలేదని చెప్పే కేసుల్లో చాలావాటిలో జరిగేది ఆగకపోవడమే. ఆ తొందరలో మడమలోకే ఇంకో సూది గుచ్చుతారు, మోతాదు పెరిగిపోతుంది.

మోతాదు లెక్క ఇది. అడ్రినలిన్ కలపని లిగ్నోకైన్ కిలో బరువుకు 4.5 మిల్లీగ్రాములు దాటకూడదు, ఎంత బరువున్నా మొత్తం 300 దాటకూడదు. 60 కిలోల మనిషికి 270. మన మందుల షాపుల్లో దొరికే రెండు శాతం 30 మిల్లీలీటర్ల సీసాలో 600 మిల్లీగ్రాములుంటాయి, ఆ మనిషి హద్దుకు రెట్టింపు పైనే. శాతం చూసుకోకుండా మిల్లీలీటర్లు మాత్రమే గుర్తుపెట్టుకుంటే ప్రమాదం ఇక్కడే వస్తుంది. మోతాదు మించినా, మందు సూటిగా రక్తంలోకి పోయినా ముందు పెదాల చుట్టూ తిమ్మిరి, నోట్లో లోహపు రుచి, చెవుల్లో హోరు, తర్వాత ఫిట్స్, గుండె లయ తప్పడం. మందు ఆపి, ఆక్సిజన్ ఇచ్చి, 20 శాతం లిపిడ్ ఎమల్షన్ (విరుగుడుగా ఇచ్చే కొవ్వు ద్రావణం) కిలోకు 1.5 మిల్లీలీటర్ల చొప్పున రెండు మూడు నిమిషాల్లో ఎక్కించి, ఆపైన నిమిషానికి కిలోకు 0.25 చొప్పున కొనసాగించాలి. ఆ సీసా, ఆక్సిజన్, వాడే చేయి లేని గదిలో బ్లాక్ ఇవ్వకూడదు.

ఇంతకంటే ప్రమాదకరమైనది ‘కొంచెం నిద్ర మందు’. మిడజోలమ్ ఒకటి రెండు మిల్లీగ్రాములకు తోడు బలమైన నొప్పి మందు ఫెంటనిల్ కలిపితే వయసు మీరినవారిలో ఊపిరి ఆగవచ్చు. ముక్కుకు ఆక్సిజన్ పెట్టి ఉంటే, ఊపిరి తగ్గిన సంగతి వేలికి పెట్టిన ఆక్సిమీటరు ఆలస్యంగా చెబుతుంది. అందుకే వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను చూపే కాప్నోగ్రాఫ్ ఉండాలి. గురక మొదలైతే హాయిగా నిద్రపోతున్నారని అనుకోకూడదు, గొంతు మూసుకుంటోందని అర్థం. ఊపిరి అందించే అంబూ బ్యాగు, సక్షన్, ఆ మందులకు విరుగుళ్లైన నలాక్సోన్, ఫ్లుమజెనిల్ చేతికి అందేచోట ఉండాలి. షాక్‌వేవ్ ఇచ్చే వ్యక్తే మత్తునూ చూసుకుంటానంటే ఒప్పుకోకండి. పైగా సగం మత్తులో ఉన్న మనిషి గురీ చెప్పడు, కదలకుండానూ ఉండడు.

భుజం మధ్యరకం. సున్నం ఎక్కడుందో ఎక్స్‌రేలోనో అల్ట్రాసౌండ్‌లోనో కనిపిస్తుంది కాబట్టి గురికి రోగి మాట మీదే ఆధారపడనక్కర్లేదు. మధ్యమ శక్తితో చాలామంది మత్తు లేకుండానే చేయించుకుంటారు. మెడ దగ్గర ఇంటర్‌స్కేలీన్ బ్లాక్ ఇస్తే భుజం పూర్తిగా మొద్దుబారుతుంది గానీ, మామూలు మోతాదు 20 మిల్లీలీటర్లకు ఆ వైపు డయాఫ్రమ్ (ఊపిరి తీయించే కండరం) దాదాపు అందరిలోనూ కొన్ని గంటలు స్తంభిస్తుంది. ఆస్తమా, సీఓపీడీ ఉన్నవారికి పది నిమిషాల చికిత్స కోసం అంత వెల పెట్టడం మా లెక్కలో దండగ.

బ్లాక్ తర్వాత కాలు లిగ్నోకైన్‌తో గంట నుంచి మూడు గంటలు, బుపివకైన్‌తో అయితే పది పన్నెండు గంటలైనా మొద్దుగా ఉంటుంది. బస్సు మెట్టు దిగుతూ మడమ ఆనిందో లేదో తెలియక పడిపోయేది అప్పుడే. స్పర్శ తిరిగొచ్చేదాకా ఎవరైనా తోడుండాలి, వేడినీళ్లలో కాలు పెట్టకూడదు, బండి నడపకూడదు. నిద్ర మందు ఇస్తే బండి 24 గంటలు వద్దు. అదే చోట స్టెరాయిడ్ ఇంజెక్షన్ తీసుకుని ఆరు వారాలు కాకపోతే చికిత్సను వాయిదా వేయించుకోవాలి, టెండన్ బలహీనంగా ఉంటుంది.

మీ ఆరోగ్య పేజీలో ఈ చికిత్స గురించి రాసినప్పుడు యంత్రం రేడియలా ఫోకస్డా, జబ్బు పొరదా ఎముకదా అన్నది వేరు చేసి రాయమని మనవి. చికిత్స అయ్యాక రోగులు చీటీ మీద యంత్రం రకం, బార్లు లేదా మిల్లీజౌళ్లు, దెబ్బల సంఖ్య, ఇచ్చిన మత్తు మందు పేరు, శాతం, మిల్లీలీటర్లు రాయించుకోవాలి. మూడు నెలలకు ఫలితం లేక మరో వైద్యుడి దగ్గరికి వెళితే ఆయన మొదట అడిగేవి అవే.

ఇట్లు,
ఎముకల వైద్యం, మత్తు వైద్యం చేసే ఇద్దరు వైద్యులు
(పేర్లు ప్రచురణకు కాదు)